కంచె లోపలి మనిషికి చట్టమేది?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ మంత్రివర్యులకు, కార్యదర్శికి, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అమలు బాధ్యత చూస్తున్న అధికారులందరికీ



మీ చట్టంలోంచి మీరు తీసేసిన ఒక షరతు గురించి ఈ లేఖ. 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలోనూ, 2019లో మీ ప్రభుత్వమే లోక్‌సభలో పెట్టిన బిల్లులోనూ ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో ఇతరుల వివరాలు దగ్గర పెట్టుకుంటే చట్టం అతని జోలికి పోదు. సబబైన మాటే. పెళ్లి ఫొటోలకూ ఫోనులో దాచుకున్న నంబర్లకూ కేంద్ర చట్టం దేనికి? అయితే ఆ రెండు ముసాయిదాలూ మినహాయింపుతో పాటే దానికో హద్దునూ గీశాయి. ఆ వివరాలను లోకానికి బయటపెట్టినా, వృత్తికో వ్యాపారానికో వాడుకున్నా మినహాయింపు చెల్లదన్నాయి. 2022 ముసాయిదా వచ్చేసరికి ఆ హద్దు కనిపించకుండా పోయింది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన చట్టంలోని మూడో సెక్షన్, ఒక వ్యక్తి తన వ్యక్తిగత లేదా గృహ అవసరం కోసం చేసే పనికి చట్టం వర్తించదని చెప్పి అక్కడితో ఆగిపోయింది. ఆ అవసరం ఏమిటో నిర్వచనం లేదు. బయటపెట్టకూడదన్న షరతూ లేదు. ఎందుకు తీసేశారు? ఆ హద్దు ఎవరికి అడ్డొచ్చింది?

ఆ మార్పు ఎవరి మీద పడుతుందో ఒక్క ఉదాహరణతో చూడండి. హైదరాబాద్ శివార్లలో సొంత స్థలం చుట్టూ కంచె వేసుకుని, లాయం కట్టుకుని, గుర్రాన్ని పెంచుకునే కుటుంబం ఒకటి ఉందనుకుందాం. పద్నాలుగేళ్ల పిల్ల ఇంటి ఆవరణలోనే స్వారీ నేర్చుకుంటోంది. రోడ్డు మీద పోయే అపరిచితుడొకడు బండి ఆపి, కంచె సందులోంచి ఫోను పెట్టి తీస్తాడు. పిల్ల జీను మీద అదుపు తప్పి కిందపడుతుంది. ఆ పడటానికి ఒక వెకిలి పాటా నాలుగు నవ్వు బొమ్మలూ జోడించి సాయంత్రానికి రీలు చేస్తాడు. వెనకాల ఇల్లు కనిపిస్తుంది, గేటు కనిపిస్తుంది, పిల్ల ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. ఏ వేళకు ఆ పిల్ల ఒంటరిగా మైదానంలో ఉంటుందో కూడా చూసినవాళ్లకు తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల డేటాను ఏ సంస్థ ముట్టుకోవాలన్నా తల్లిదండ్రుల అనుమతి ఉండాలని మీ చట్టం తొమ్మిదో సెక్షన్‌లో శాసించారు. ఆ పిల్ల పుట్టిన తేదీని అడిగే ట్యూషన్ యాప్‌కు అనుమతి కావాలి. ఆమె పడిపోవడాన్ని లక్షమందికి చూపించే బాటసారికి మాత్రం అక్కర్లేదా? అది అతని వ్యక్తిగత అవసరమని అతను అంటే కాదనడానికి మీ చట్టంలో ఏ వాక్యం ఉంది?

డబ్బు సంపాదించే ఛానళ్లు వ్యక్తిగత అవసరం కిందికి రావని మీ న్యాయాధికారులు వాదించవచ్చు. బహుశా కోర్టులూ ఒప్పుకుంటాయి. కానీ రీళ్లు పెట్టేవాళ్లలో చాలామందికి పైసా రాదు. వాళ్లకు కావలసింది నలుగురు చూడటమే. పైసా రాని రీలు ఆ పిల్లకు చేసే హాని తక్కువా? హాని జరిగేది బయటపెట్టడం వల్ల. బయటపెట్టినవాడి జేబులోకి ఏం వచ్చిందన్నది తర్వాతి లెక్క. 2019 బిల్లు ఈ రెండింటినీ విడివిడిగా రాసింది అందుకే. అయినా కోర్టు ఎప్పుడో తేలుస్తుందన్న భరోసా మీద పౌరులను వదిలేయడానికి పార్లమెంటు చట్టం చేయడం ఎందుకు?

గుర్రం సంగతి ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే కెమెరా వల్ల నష్టం ఎప్పుడూ పరువుకు మాత్రమే అనుకుంటారు. గుర్రం బెదురు జంతువు. దాని కళ్లు తలకు రెండు వైపులా ఉండటం వల్ల దాదాపు చుట్టూ ఉన్నదంతా దాని చూపులో పడుతుంది. పక్కనుంచి హఠాత్తుగా ఏది కదిలినా, తల మీద ఏది రొద చేసినా, ముందు పరుగెత్తడం, తర్వాత ఆలోచించడం దాని స్వభావం. కంచె దగ్గర ఒక్కసారిగా లేచిన మనిషో, నెత్తిమీదికి దిగిన డ్రోనో చాలు, స్వారీ చేసే మనిషి వెన్ను విరగడానికి. డ్రోన్ల గురించి 2018లో పౌర విమానయాన శాఖ తెచ్చిన నిబంధనలు, ఇతరుల గోప్యతకు భంగం కలగకుండా చూసుకునే బాధ్యతను నడిపేవాడి మీద స్పష్టంగా పెట్టాయి. 2021 డ్రోన్ రూల్స్ బరువులూ, ఎత్తులూ, రిజిస్ట్రేషన్లూ వివరంగా చెప్పాయి కానీ ఆ స్పష్టత వాటిలో లేదు. అది వేరే శాఖ వ్యవహారమని మీరు అనవచ్చు. ఒక శాఖ ఒక షరతును, మరో శాఖ మరో షరతును వదిలేసుకుంటూ పోతే మధ్యలో మిగిలేది ఇంట్లో ఉన్న మనిషే.

గుర్రం పెంచుకోగల కలవారి గోడు మనకెందుకని మీలో ఎవరైనా అనుకుంటుంటే, కాస్త ఆగండి. కలవాడు గోడ ఎత్తు పెంచుకుంటాడు. పెంచుకోలేనివాళ్ల మాటేమిటి? మన ఇళ్లలో బతుకు సగం ఆరుబయటే సాగుతుంది. వాకిట్లో ముగ్గు వేయడం, బావి దగ్గర అంట్లు తోమడం, పసిపిల్లకు నలుగు పెట్టి నీళ్లు పోయడం, ముసలాయన చొక్కా లేకుండా అరుగు మీద కూర్చోవడం, ఆలుమగలు మాటా మాటా అనుకోవడం, చివరికి ఇంట్లో చావు జరిగితే శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి గుండెలు బాదుకుని ఏడవడం, ఇవన్నీ దారిన పోయేవాళ్లకు కనిపించేవే. అవి కనిపిస్తాయని ఆ ఇంటివాళ్లకు తెలుసు. చూసినవాళ్లు చూపు తిప్పుకుని వెళ్తారన్నది కూడా తెలుసు. ఆ మర్యాద మీద ఆధారపడే ఇన్ని తరాలు తలుపులు తీసిపెట్టుకుని బతికాయి. ఇవాళ ఆ వాకిట్లో ఏడుస్తున్న తల్లి ముఖం మీదికి కెమెరా దగ్గరగా వెళ్తోంది. గోడ లేకపోవడాన్ని ఆమె ఒప్పుకోలుగా లెక్కగట్టే చట్టం ఎవరి ఇళ్లను చూసి రాసినది?

గోప్యత గోడలకు సంబంధించినది కాదని మన న్యాయస్థానాలు ఎప్పుడో తేల్చాయి. ఆ ఆలోచనలో మన తెలుగు నేలకూ వాటా ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. 1962లో ఖరక్ సింగ్ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సాక్ష్యం లేక విడుదలైన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు, అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టారు. రాత్రిపూట ఇంటికి వెళ్లడం తప్పని కోర్టు కొట్టేసింది కానీ, అతను ఎక్కడికి వెళ్తున్నాడో వెంటాడి చూడటంలో తప్పు లేదంది, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది. ఆ మెజారిటీతో విభేదిస్తూ తీర్పు రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమహేంద్రవరం ఆయన పుట్టిన ఊరు. ఆయన వాదం ఇది: మనిషి కాళ్లు కట్టేయకపోయినా, అతను వేసే ప్రతి అడుగునూ ఎవరో చూసి నమోదు చేస్తుంటే ఆ తిరుగుడును స్వేచ్ఛ అనలేం, ఎందుకంటే బంధం శరీరానికి కాకుండా మనసుకు పడుతుంది. యాభై అయిదేళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు నిలబడింది ఆ అసమ్మతి తీర్పే. మీ చట్టం పుట్టిందే ఆ తీర్పు నుంచి. సుబ్బారావు భయపడిన పోలీసు నోటుపుస్తకం ఇవాళ దారిన పోయే ప్రతివాడి జేబులోనూ ఉంది. దానికి మీరు గృహ అవసరమని పేరు పెట్టి వదిలేశారు.

రెండోది కూడా ఇక్కడి కేసే. బ్యాంకుల్లోని దస్తావేజులను కలెక్టర్ అనుమతించిన ఎవరైనా వెళ్లి తిరగేయవచ్చని ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టానికి సవరణ తెచ్చింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ మధ్య సాగిన ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని ఒప్పుకోలేదు. గోప్యత హక్కు స్థలాలది కాదు, మనుషులది అన్న సూత్రాన్ని అక్కడ నిలబెట్టింది. ఖాతాదారు తన కాగితాలను ఇల్లు దాటించి బ్యాంకులో పెట్టినంత మాత్రాన వాటి మీద అతని గోప్యత పోలేదు. పుట్టస్వామి తీర్పులోనూ ప్రధాన అభిప్రాయం ఇదే దారిన నడిచి, మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యతను వదులుకున్నట్లు కాదంది. బజారులో నిలబడ్డ మనిషికే అంత ఉంటే, సొంత కంచె లోపల గుర్రమెక్కిన మనిషికి, సొంత వాకిట్లో కూర్చున్న మనిషికి ఎంత ఉండాలి?

శిక్షాస్మృతి ఉంది కదా, డేటా చట్టం ఎందుకని అడగకండి. ఆ చట్టాలు దేనిని కాపాడుతున్నాయో మీకు తెలియనిది కాదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ స్త్రీని దొంగచాటుగా చూడటాన్నీ చిత్రించడాన్నీ నేరమంది, కానీ ఆమె చేస్తున్నది 'ఏకాంత చర్య' అయి ఉండాలి. అంటే ఒంటిమీద బట్టలు లేకపోవడమో, మరుగుదొడ్డిలో ఉండటమో, నలుగురిలో చేయని లైంగిక చర్యో కావాలి. పురుషుడు బాధితుడైతే ఆ సెక్షన్‌కు పనే లేదు. ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ ఆడా మగా తేడా చూపలేదు కానీ అది శరీరంలోని రహస్య భాగాల వరకే. 79వ సెక్షన్‌లో స్త్రీ గోప్యతలోకి చొరబడటం అన్న మాట ఉంది, అయితే ఆమె మానమర్యాదలను అవమానించాలన్న ఉద్దేశం రుజువు కావాలి. వీటన్నింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే. బట్టలు కట్టుకుని ఉన్న మనిషి, తన ఇంట్లో, మామూలు పని చేసుకుంటున్నప్పుడు మన చట్టాలకు కనిపించడు. నగ్నత్వానికి రక్షణ ఉంది. ప్రశాంతతకు లేదు. ఈ ఖాళీని జైళ్లతో పూడ్చమని నేను అడగను. రీలు పెట్టిన ప్రతి కుర్రాడినీ స్టేషనుకు లాక్కెళ్లే చట్టం రేపు ఎవరి చేతిలో ఎలా తిరుగుతుందో ఊహించడం కష్టం కాదు. సివిల్ పరిహారానికీ తొలగింపుకూ వీలిచ్చే డేటా చట్టమే ఈ పనికి తగినది. సరిగ్గా అక్కడే మీరు తలుపు మూశారు.

"రోడ్డు మీద నుంచి కనిపించేది ఏదైనా బహిరంగమే, బహిరంగమైనదాన్ని తీయడంలో తప్పేముంది?" అన్నది ఈ చర్చలో అందరికంటే గట్టిగా వినిపించే వాదం. మీ శాఖ మౌనం కూడా దానికే వత్తాసు పలుకుతోంది. ఈ వాదాన్ని యూరప్ చాలాకాలం కిందటే ఎదుర్కొంది, అందులో గుర్రం బొమ్మ కూడా ఉంది. మొనాకో రాకుమారి కరోలిన్ గుర్రపు స్వారీ చేస్తుంటే, బజారుకు వెళ్తుంటే, హోటల్లో కూర్చుంటే తీసిన ఫొటోలను 1990లలో జర్మన్ పత్రికలు అచ్చేశాయి. ఆమె జర్మన్ కోర్టులకెక్కింది. జనం కంటికి కనబడని మరుగు చోటులో ఉంటే తప్ప అలాంటి ప్రముఖురాలికి రక్షణ లేదని 1999లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అంది. ఆమె స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. 2004 జూన్ 24న ఆ కోర్టు జర్మనీ ఆమె హక్కును కాపాడలేకపోయిందని తీర్పు చెప్పింది. తానున్న చోటు మరుగో కాదో మనిషి ముందుగా ఎలా తెలుసుకుంటాడని అడిగింది. చూడవలసింది చోటును కాదు, ఆ ఫొటో ప్రజలకు అవసరమైన ఏ చర్చకైనా తోడ్పడుతోందా అన్నదాన్ని. ఆమె స్వారీ వల్ల ఏ దేశపు ప్రజలకూ తెలియవలసినదేదీ తెలియలేదు. ఇది ప్రముఖులకు అనుకూలంగా గీసిన గీతేమీ కాదు. అదే కోర్టు 2012లో అదే కుటుంబం తెచ్చిన మరో కేసులో, జబ్బుపడిన మొనాకో పాలకుడి గురించిన కథనంతో ముడిపడ్డ ఫొటో విషయంలో పత్రిక వైపే నిలిచింది. అంటే కొలత పనిచేస్తుంది, రెండు వైపులా మొగ్గుతుంది. రాకుమారికి దొరికిన ఆ కొలత మన ఊరి పిల్లకు ఎందుకు దొరకకూడదు?

ఇంకో మాట. కంటితో చూడటానికీ కెమెరాతో తీయడానికీ మధ్య ఉన్న తేడాను ఆ వాదం దాటవేస్తోంది. దారిన పోయేవాడి చూపు క్షణంలో తప్పుకుంటుంది. వాడికి ఆ పిల్ల ఎవరో తెలియదు, రేపటికి గుర్తుండదు. వీడియో అలా కాదు. ఆగుతుంది, పెద్దదవుతుంది, నెమ్మదిస్తుంది, పదేళ్ల తర్వాత పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్ల ఫోనులోకి వస్తుంది. ముఖాన్ని బట్టి పేరు కనిపెట్టే సాఫ్ట్‌వేర్లు, ముఖాన్ని ఇంకో ఒంటికి అతికించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎవరి చేతికైనా అందుతున్నాయి. ముందు ముందు ఏం జరుగుతుందో తీసినవాడికే తెలియదు. రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడినందుకు మనిషి వీటన్నింటికీ ఒప్పుకున్నట్టేనా?

పత్రికా స్వేచ్ఛ దెబ్బతింటుందన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. లంచం తీసుకునే అధికారిని, లాఠీ ఝళిపించే పోలీసును, కూల్చివేతలో పడిపోతున్న గుడిసెను తీసే ఫోనులు ఈ దేశంలో ఎంతోమందికి న్యాయం అందించాయి. అవి ఆగకూడదు. అయితే యూరప్‌లో ఈ ముడి కూడా విప్పారు. లాట్వియాలో ఒక వ్యక్తి పోలీసు స్టేషనులో తన వాంగ్మూలం తీసుకోవడాన్ని చిత్రించి యూట్యూబ్‌లో పెట్టాడు. 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం రెండు మాటలు చెప్పింది. లెక్కలేనంతమంది చూడగలిగేలా పెట్టిన వీడియో గృహ అవసరం కాదు. అయితే సమాచారాన్నీ అభిప్రాయాలనూ ప్రజలకు చేర్చడమే అతని ఉద్దేశమైతే, వృత్తి పాత్రికేయుడు కాకపోయినా పాత్రికేయానికి ఇచ్చే మినహాయింపు అతనికీ దొరకవచ్చు. మీరు చేసింది సరిగ్గా తలకిందులు. 2018, 2019 ముసాయిదాల్లో పాత్రికేయులకు మినహాయింపు ఉండేది. 2023 చట్టంలో దాన్నీ తీసేశారు. ఎడిటర్స్ గిల్డ్ ఆందోళన చెప్పినా పట్టించుకోలేదు. ఇక ఇసుక దందా మీద కథనం రాసే విలేకరి డేటా చట్టానికి జవాబు చెప్పుకోవాలి, పక్కింటి పిల్ల పడిపోవడాన్ని నవ్వులకు పెట్టినవాడు వ్యక్తిగత అవసరమని చెప్పి తప్పుకోవచ్చు. ఈ రెండు మార్పులూ ఒకే చట్టంలో ఎలా ఇమిడాయో మీరు ఎక్కడైనా వివరించారా?

ఇంటి భద్రత కోసం పెట్టుకున్న సీసీ కెమెరాల మాటేమిటని కొందరు అడుగుతారు. చెక్ దేశంలో తన ఇంటిమీద దాడులు జరిగాయని చూరు కింద కెమెరా పెట్టుకున్న ఒకాయన కేసులో 2014లో అదే యూనియన్ న్యాయస్థానం దారి చూపింది. కెమెరా చూపు వీధిలోకి పడితే అది పూర్తిగా ఇంటి వ్యవహారం కాదు కాబట్టి చట్టం వర్తిస్తుంది, అయితే తన ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుకునే న్యాయమైన అవసరాన్ని ఆ చట్టం కిందే లెక్కలోకి తీసుకోవచ్చు. చట్టం వర్తించడమంటే నిషేధించడం కాదు. కారణం చెప్పమని అడగడం, అంతే.

సొంత వీడియోలు తామే రోజూ పెట్టుకునేవాళ్లకు గోప్యత గురించి మాట్లాడే హక్కెక్కడిదని ఎగతాళి చేసేవాళ్లూ ఉన్నారు. పెట్టాలా వద్దా అన్నది తన చేతిలో ఉండటమే కదా ఆ హక్కు.

ఇక పరిష్కారం దగ్గరికి రండి. ఆ పిల్ల తండ్రి ఎలాగో వాదించి మీ చట్టం తనకు వర్తింపజేసుకున్నాడనే అనుకుందాం. మొదట ఆ వీడియో పెట్టినవాడికో వేదికకో ఫిర్యాదు చేసుకోవాలి, ఆ దారి మూసుకుపోయాకే డేటా పరిరక్షణ బోర్డు గడప తొక్కాలి. 2025 నవంబరులో మీరు ప్రకటించిన నిబంధనల ప్రకారం సంస్థ జవాబివ్వడానికి తొంభై రోజుల వరకు గడువు. రీలు ఆయుష్షు మూడు రోజులు! జరగవలసిన నష్టమంతా మొదటి మూడు రోజుల్లోనే జరిగిపోతుంది. నగ్న చిత్రాలైతే గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనల్లో శాసించిన మీకు, వేగం సాధ్యమేనని తెలుసు. ఇతరుల గోప్యతకు భంగం కలిగించేది పెట్టకూడదన్న వాక్యమూ ఆ నిబంధనల్లో ఉంది. నగ్న చిత్రాలకు పెట్టినంత తక్కువ గడువు ఆ వాక్యానికి ఎందుకు పెట్టలేదు? చివరికి బోర్డు జరిమానా వేసినా, అది 250 కోట్ల దాకా పోయినా, ప్రతి రూపాయీ భారత సంచిత నిధికి వెళ్తుంది. బాధితుడికి దక్కేది లేదు. 2019 బిల్లులో పరిహారం కోరే హక్కు ఉండేది. తర్వాత దాన్నీ ఎత్తేశారు. ఐటీ చట్టంలో పరిహారం ఇచ్చే 43ఎ సెక్షన్‌ను తొలగించే ఏర్పాటు కూడా ఈ చట్టంలోనే ఉంది. అది కంపెనీలకే పరిమితం, నిజమే, కానీ నష్టపోయినవాడికి డబ్బు అందాలన్న ఆలోచన కనీసం అందులో బతికి ఉండేది. పైగా ఫిర్యాదు పసలేనిదని తేలితే ఫిర్యాదుదారుకే పదివేల రూపాయల దాకా జరిమానా. ఈ లెక్కలన్నీ చూశాక ఏ తండ్రి మీ దగ్గరికి వస్తాడు? ఫిర్యాదులు వెల్లువెత్తి బోర్డు మునిగిపోతుందన్న భయం మీకు అక్కర్లేదు.

ఇంకా మింగుడుపడనిది ఒకటుంది. ఇదే చట్టం చివర్లో, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చేశారు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారాన్నీ ఇవ్వవచ్చని అక్కడ ఉన్న షరతును తొలగించి, 2025 నవంబరులోనే అమల్లోకి తెచ్చారు. ప్రజా ప్రయోజనం కోసం 8(2) సెక్షన్ ఇంకా ఉందని మీ సమాధానం. దరఖాస్తును తిరస్కరించే అధికారికి దొరికిన కొత్త ఆయుధం ముందు ఆ సమాధానం బలం ఎంతో దరఖాస్తులు పెట్టేవాళ్లకు తెలుసు. దీనికి మీరు చెప్పిన కారణం గోప్యత. ప్రజల జీతం తీసుకునే ఉద్యోగి వివరాలు అడిగితే గోప్యత ఇంత పవిత్రమైంది. అదే గోప్యత, ఎవరి జీతమూ తీసుకోని పిల్ల తన ఇంట్లో గుర్రమెక్కినప్పుడు గృహ అవసరం ముందు ఓడిపోయింది. అధికారం ఉన్నచోట పరదా, లేనిచోట కెమెరా. రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన హక్కును మీరు ఇలాగేనా అర్థం చేసుకున్నది?

నేను అడుగుతున్నవి కొత్తవి కావు, చాలావరకు మీ పాత కాగితాల్లో ఉన్నవే. 2019 బిల్లులోని షరతును మూడో సెక్షన్‌లోకి తిరిగి తెండి. లోకానికి బయటపెట్టినదీ, వృత్తి వ్యాపారాలకు వాడినదీ గృహ అవసరం కాదని రాయండి. దానికి తోడుగా పాత్రికేయానికి, విధి నిర్వహణలో ఉన్న అధికారుల చిత్రీకరణకు, నేరానికీ ప్రమాదానికీ సాక్ష్యంగా తీసినదానికి, ఊరేగింపుల్లో గుంపుల్లో యాదృచ్ఛికంగా పడినవారికి మినహాయింపు ఇవ్వండి. ఎవరి ఇంటి ఆవరణలోనైనా, గుర్తుపట్టగలిగేలా తీసిన వీడియోను అనుమతి లేకుండా బయటపెడితే, అది ప్రజలకు అవసరమని చూపించే భారాన్ని పెట్టినవాడి మీదే ఉంచండి. ఫిర్యాదు వస్తే ముందు ముఖాన్ని మసకబరిచి తర్వాత విచారించే పద్ధతి పెట్టండి. వీడియోను ఏకంగా తొలగించడం కంటే అది వాక్‌స్వేచ్ఛకు తక్కువ హాని చేస్తుంది. పరిహారాన్ని బాధితుల చేతికి వచ్చేలా చూడండి. నిజాయితీగా వచ్చిన ఫిర్యాదుకు జరిమానా ఉండదని చెప్పండి.

వీటికి నిబంధనలు చాలవు, సవరణ బిల్లు కావాలి. చట్టంలోని ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి మీరు పెట్టుకున్న పద్దెనిమిది నెలల గడువు 2027 మేలో ముగుస్తుంది. ఈలోపు సవరణ తెస్తారా? తేకపోతే, ఆ షరతును ఏ కారణంతో తొలగించారో, ఎవరి సలహా మీద తొలగించారో చెప్పే ఫైలు నోటును పార్లమెంటు ముందు పెడతారా? సమాచార హక్కు కింద అడిగితే మీరేమంటారో ఊహించగలను కాబట్టి, బహిరంగంగానే అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు